సాఫ్ట్‌వేర్ వృత్తి నీతిలో కులం ఎక్కడ?

వైద్యుడు వృత్తి ధర్మం తప్పితే విచారించడానికి వైద్య మండలి ఉంది. న్యాయవాది తప్పితే 1961 నాటి అడ్వకేట్స్ చట్టం కింద ఏర్పడిన బార్ కౌన్సిల్ అతని పేరును జాబితా నుంచి తొలగించగలదు. పేదవాడి రేషన్ కార్డు ఉండాలో పోవాలో, ఉపాధి కూలీ ఖాతాలో డబ్బు పడాలో ఆగాలో, పారిశుద్ధ్య కార్మికుడికి హాజరు పడిందో లేదో తేల్చే వ్యవస్థలను రాస్తున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు మాత్రం ఈ దేశంలో అటువంటి చట్టమూ లేదు, మండలీ లేదు. దేశ ఐటీ రంగంలో నేడు 50 లక్షల మందికి పైగా పనిచేస్తున్నారు. ఒక్క తెలంగాణలోనే 2022-23 నాటికి ఆ సంఖ్య 9 లక్షలు దాటింది. ఇంతటి వృత్తికి తనదైన నీతి ఏమిటని అడిగితే, సాధారణంగా వినిపించేది ఉద్యోగ ఒప్పందంలోని షరతుల జాబితాయే: కంపెనీ రహస్యాలు బయటపెట్టకూడదు, క్లయింటు సమాచారాన్ని కాపాడాలి, రెండో ఉద్యోగం చేయకూడదు.

ఇవన్నీ అవసరమే. కానీ ఇవి యజమాని పట్ల, క్లయింటు పట్ల నెరవేర్చవలసిన బాధ్యతలు. ఆ పని ఫలితాన్ని అనుభవించే మూడో మనిషి ఈ జాబితాలో ఎక్కడా కనిపించడు. మన దేశంలో ఆ మూడో మనిషికి కులం ఉంటుంది. అందుకే భారతీయ సాంకేతిక ఉద్యోగుల వృత్తి నీతికి కులమే తొలి పరీక్ష అని నా వాదన. ఆ పరీక్ష రెండు చోట్ల జరుగుతుంది. ఈ వృత్తిలోకి ఎవరు రాగలుగుతున్నారు, వచ్చినవారు ఏ గౌరవంతో మనగలుగుతున్నారు అన్నది ఒకటి. లోపల ఉన్నవారు తయారుచేసినది బయట ఎవరి మీద ఎలా పనిచేస్తోంది అన్నది రెండోది. మొదటి ప్రశ్న మీద కొంత చర్చ జరిగింది. రెండో ప్రశ్న మీద జరిగింది చాలా తక్కువ. ఈ రెండింటికీ మధ్య ఉన్న లంకెను మనం ఇంకా సరిగా పట్టించుకోనేలేదు.

తరగతి గదిలో కులం ప్రస్తావన తెచ్చినప్పుడల్లా ఇంజనీరింగ్ విద్యార్థుల నుంచి నాకు ఎదురయ్యే మాట ఒకటుంది: ‘కంప్యూటరుకు కులం తెలియదు కదా!’ ఆ మాటలో కపటం ఉండదు. తాతల నాటి భూమి, తండ్రి ఉద్యోగం, కార్పొరేట్ కళాశాలలో రెండేళ్ల కోచింగ్ కలిసి ప్రవేశపరీక్ష ర్యాంకుగా మారిన తరువాత, వాటి జాడ చెరిగిపోయి ‘ప్రతిభ’ అనే ఒక్క మాట మిగులుతుంది. మద్రాసు ఐఐటీని అధ్యయనం చేసిన అజంతా సుబ్రమణియన్ 2019లో వెలువరించిన ‘ద కాస్ట్ ఆఫ్ మెరిట్’ గ్రంథంలో వివరించింది ఈ మార్పిడినే. కులం వల్ల లాభపడినవారు తమకు కులమే లేదని నమ్మగలుగుతారు. రిజర్వేషన్‌తో వచ్చినవారికి మాత్రం అదే కులం ముఖం మీద ముద్రగా నిలుస్తుంది.

తెలుగునాట ఇంటిపేరును పొడి అక్షరంగా రాసుకునే అలవాటు వల్ల పేరు చూడగానే కులం పోల్చుకోవడం అన్నిసార్లూ కుదరదు. అందుకే కుశల ప్రశ్నలు మొదలవుతాయి. ‘ఇంటిపేరు ఏమిటి?’, ‘మీదే ఊరు?’, ‘నాన్నగారు ఏం చేస్తుంటారు?’ ఇవన్నీ ‘మనవాళ్లేనా?’ అనే ఒకే ప్రశ్నకు మర్యాద తొడిగిన రూపాలు. 2007లో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల నియామక అధికారులతో మాట్లాడి, ప్రతిభ గురించి గట్టిగా చెప్పేవారే అభ్యర్థి కుటుంబ నేపథ్యానికి ఎంత విలువ ఇస్తారో చూపించారు. అదే ఏడాది సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ మరో పరిశోధన ప్రచురించారు. ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు సంస్థలకు పంపితే, అగ్రవర్ణ పేరుతో పోల్చినప్పుడు దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు మాత్రమేనని తేలింది.

దీనికి భిన్నమైన సాక్ష్యం కూడా ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. అభిజిత్ బెనర్జీ తదితరులు ఢిల్లీ ప్రాంతంలో జరిపి 2009లో ప్రచురించిన ఇటువంటి ప్రయోగంలోనే, కాల్ సెంటర్ ఉద్యోగాల విషయంలో కులాల మధ్య తేడా కనిపించింది కానీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కనిపించలేదు. ‘ఐటీలో కులం లేదు’ అనేవారికి ఇది బలమైన ఆధారమే. అయితే ఆ ప్రయోగం కొలిచింది ప్రకటన చూసి పంపిన రెజ్యూమేకు పిలుపు వస్తుందా లేదా అన్నంతవరకే. ఇంటర్వ్యూ గదిలో ఏం జరుగుతుందో, ఏడాది చివర రేటింగు ఎవరికి ఎలా పడుతుందో అది కొలవలేదు. ప్రకటనే లేకుండా ఉద్యోగుల సిఫారసు మీద నిండే ఖాళీల సంగతి అసలే కొలవలేదు.

ఈ సిఫారసు దారి తెలుగు యువతకు బాగా తెలుసు. 2008 తరువాత ఉమ్మడి రాష్ట్రంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల వేలాది దళిత, బహుజన కుటుంబాల నుంచి మొదటి తరం ఇంజనీర్లు వచ్చారు. వారిలో చాలామంది చదివిన కళాశాలలకు పెద్ద కంపెనీలు ప్రాంగణ నియామకాలకు రావు. అమీర్‌పేటలో నాలుగు నెలలు కోర్సు నేర్చుకుని, హాస్టల్ గదిలో ఉంటూ, లోపల పనిచేసే ఎవరో ఒకరు తన రెజ్యూమే పంపిస్తారేమోనని ఎదురుచూడడమే వారి ఉద్యోగ వేట. సిఫారసు చేసే ఉద్యోగి తన బంధువును, స్నేహితుడిని, ఊరివాడిని తలచుకుంటాడు. అందులో దురుద్దేశం వెతకనక్కరలేదు. కానీ లోపల ఉన్నవారి బంధుత్వాలు కులం గీత దాటనప్పుడు, వారి సిఫారసులూ దాటవు. ఎవరినీ కాదనకుండానే చాలామందిని బయట ఉంచగలగడం ఈ పద్ధతి ప్రత్యేకత.

లోపలికి వచ్చినవారి సంగతి సముద్రాలు దాటాక బయటపడింది. 2020 జూన్‌లో కాలిఫోర్నియా రాష్ట్ర పౌర హక్కుల విభాగం సిస్కో కంపెనీపైనా, అందులోని ఇద్దరు భారతీయ ఇంజనీర్లపైనా దావా వేసింది. ఒక దళిత ఇంజనీరు రిజర్వేషన్‌తో చదివాడన్న సంగతిని సహోద్యోగుల ముందు బయటపెట్టి అతని ఎదుగుదలను అడ్డుకున్నారన్నది ఆరోపణ. అతను ఫిర్యాదు చేసినప్పుడు కుల వివక్ష చట్టవిరుద్ధం కాదని కంపెనీ మానవ వనరుల విభాగం తేల్చిందని కూడా దావాలో పేర్కొన్నారు. కంపెనీ ఈ ఆరోపణలను ఖండించింది. ఆ ఇద్దరు ఇంజనీర్లపై కేసును ఆ విభాగమే 2023 ఏప్రిల్‌లో ఉపసంహరించుకుంది. వ్యక్తుల దోషం మాట అటుంచితే, కులం అనే మాటను ఏ పట్టికలో రాయాలో తెలియని స్థితి అక్కడ బట్టబయలైంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ అక్టోబరులో తిరస్కరించారు. ఆపిల్ తన ప్రవర్తనా నియమావళిలో కులాన్ని పేరుపెట్టి చేర్చింది. ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్ నిపుణులు ప్రమాణంగా భావించే అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ 2018 నీతి నియమావళిలో జాతి, మతం, లింగం, వైకల్యం వంటి వివక్షల పేర్లన్నీ ఉన్నాయి. కులం పేరు లేదు. దాన్ని చేర్చాలని గొంతెత్తవలసిన బాధ్యత ఆ రంగంలో లక్షలుగా ఉన్న భారతీయులది కాక మరెవరిది?

ఇంతవరకూ చెప్పింది ఉద్యోగి–ఉద్యోగి సంబంధం. కంపెనీ గోడ దాటి బయటికి వస్తే ప్రశ్న ఇంకా లోతుగా ఎదురవుతుంది. తెలంగాణ ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ పేరుతో ఒక వ్యవస్థను వాడింది. వివిధ శాఖల దగ్గరున్న సమాచారంలో పేర్లు, చిరునామాలు పోల్చి, ఇవన్నీ ఒకే మనిషివని అది నిర్ధారిస్తుంది. ఆ మనిషికి కారు ఉందనో, ఆస్తి ఉందనో తేలితే రేషన్‌కు అనర్హుడని చూపుతుంది. 2024 జనవరిలో వెలువడిన పాత్రికేయ పరిశోధన ఒకటి దీని మరో ముఖాన్ని చూపింది. పేరు పోలిక వల్ల ఒక రిక్షా కార్మికుణ్ణి యంత్రం కారు యజమానిగా లెక్కించింది. ఆ కుటుంబానికి రేషన్ పోయింది. అంతకు ముందే, 2022లో, తెలంగాణలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఆ కార్డుల్లో నిజంగా అనర్హులవీ ఉంటాయి. అన్నీ ఈ ఒక్క వ్యవస్థ వల్ల పోయినవీ కావు. కానీ ఒక్క అర్హుడి కార్డు పోయినా, తాను కారు యజమాని కాదని నిరూపించుకునే భారం ఆ రిక్షా కార్మికుడి మీదే పడుతుంది.

ఇందులో తప్పెవరిది? అధికారిని అడిగితే కంప్యూటరులో అలా వచ్చింది అంటాడు. కంపెనీని అడిగితే ప్రభుత్వం ఇచ్చిన నిబంధనల ప్రకారమే చేశామంటుంది. ఇంజనీరు తనకు అప్పగించిన భాగాన్ని గడువులోగా పూర్తిచేశానంటాడు. ముగ్గురూ చెప్పేది నిజమే కావచ్చు. కానీ రెండు పేర్లు ఎంత దగ్గరగా ఉంటే ఒకే మనిషి అనుకోవాలి అన్న హద్దును ఎవరో ఒకరు ఒక అంకెగా నిర్ణయించారు. ఆ అంకె కాస్త ఇటు జరిగితే కొందరు అనర్హులు జాబితాలో మిగిలిపోతారు, అటు జరిగితే కొందరు అర్హులు ఆకలితో మిగులుతారు. ఈ రెండు పొరపాట్లూ సమానం కావన్న తెలివిడి గణితం ఇవ్వదు. రేషన్ బియ్యం మీద బతికిన ఇంటి నుంచి వచ్చిన మనిషి ఒక్కరైనా ఆ గదిలో ఉంటే, కార్డు కొట్టేసే ముందు ఇంటికి వెళ్లి ఒకసారి చూడాలి కదా అని అడిగే అవకాశం ఉంటుంది. నియామకాల్లోని కులానికీ, కోడ్‌లోని అన్యాయానికీ లంకె ఇక్కడే ఉంది. ఎవరు లోపలికి రాలేకపోయారో, వారి బతుకు మీదే లోపలివారి పొరపాటు పడుతుంది.

పారిశుద్ధ్య కార్మికుల విషయం తీసుకోండి. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవారిని కేంద్ర ప్రభుత్వమే నమోదు చేయించగా, 2024 నాటికి వివరాలు సేకరించిన సుమారు 38,000 మందిలో దాదాపు 69 శాతం ఎస్సీలని తేలింది. ఎస్టీ, ఓబీసీలను కలిపితే 92 శాతం. ఈ మనుషుల కోసం మన సాంకేతిక రంగం ఏం తయారుచేసింది? చండీగఢ్, నాగపూర్ వంటి నగరాల్లో వీధులూడ్చేవారి చేతికి జీపీఎస్ గడియారాలు తొడిగారు. నిర్ణీత ప్రాంతం దాటితే జీతం కోతపడుతుందన్న భయం మధ్య వారు పని చేశారు, నిరసన తెలిపారు. హైదరాబాద్‌లోనూ జీహెచ్ఎంసీ పారిశుద్ధ్య కార్మికుల హాజరుకు ముఖ గుర్తింపు విధానం వచ్చింది. దొంగ హాజర్లను అరికట్టడం అవసరమేనని అంగీకరిద్దాం. చీపురు పట్టిన చేతిని గమనించడానికి ఉపగ్రహాల దాకా వెళ్లిన తెలివి, ఆ చేతిని మురుగు నుంచి తప్పించడానికి ఎందుకు అంత వేగంగా పనిచేయలేదన్నదే ప్రశ్న. మనుషుల చేత పాకీపని చేయించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 2014లో 10 లక్షల రూపాయల పరిహారం నిర్దేశించిన సుప్రీంకోర్టు 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెంచవలసి వచ్చిందంటే మరణాలు ఆగలేదనే కదా అర్థం.

ఇదే రంగం మరోలా పనిచేయగలదనడానికీ నిదర్శనాలు ఉన్నాయి. 2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు ఆంధ్ర కార్మికులు, వారిని కాపాడబోయిన ఒక ఆటో డ్రైవరు చనిపోయారు. ఆ తరువాతి ఏళ్లలో అదే రాష్ట్రానికి చెందిన కొందరు యువ ఇంజనీర్లు మ్యాన్‌హోల్‌లో మనిషికి బదులు దిగే ‘బ్యాండికూట్’ అనే రోబోను రూపొందించారు. 2018లో తిరువనంతపురంలో అది పనిలోకి దిగింది. హైదరాబాద్ జలమండలి 2017లో దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ సహకారంతో ఇరుకు సందుల్లోకి వెళ్లగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టింది. యంత్రాన్ని పని చేసేవారి మీద నిఘాకు కాక, వారి ప్రాణానికి అడ్డంగా నిలబెట్టాలన్నది ఒక నైతిక నిర్ణయం. సాంకేతిక నైపుణ్యం ఆ నిర్ణయం తరువాతే వస్తుంది.

ఇప్పుడు కృత్రిమ మేధ రావడంతో ఈ ప్రశ్న మరింత అత్యవసరమైంది. తన దరఖాస్తులోని ఇంగ్లీషును సరిదిద్దమని చాట్‌జీపీటీని అడిగిన ఒక దళిత పరిశోధకుడి ఇంటిపేరును ఆ యంత్రం అడగకుండానే ‘శర్మ’గా మార్చిన ఉదంతం 2025లో వెలుగులోకి వచ్చింది. చదువుకున్నవాడి పేరు ఎలా ఉండాలో ఆ యంత్రం మన రాతల నుంచే నేర్చుకుంది. ఇటువంటి వ్యవస్థల పక్షపాతాన్ని కొలిచే ప్రమాణాలు ఎక్కువగా అమెరికా సమాజంలోని జాతి, లింగ విభజనలను దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి. కులాన్ని కొలవాలన్న ఆలోచన కులం తెలిసిన దేశం నుంచి వెళ్లిన ఇంజనీర్లకు ముందుగా రావలసింది.

ఉద్యోగం పోగొట్టుకునే స్థితిలో ఉన్న ఇంజనీరు ఏం చేయగలడు అన్న ఆక్షేపణను తేలిగ్గా తీసేయలేం. గృహ రుణం, చదువు రుణం, వీసా గడువు ఇవన్నీ నోరు కట్టేస్తాయి. కర్ణాటకలో పారిశ్రామిక స్థాయీ ఉత్తర్వుల చట్టం నుంచి ఐటీ రంగానికి పదేపదే మినహాయింపులు ఇస్తూ వచ్చారు. కానీ సమష్టిగా అడిగినప్పుడు ఫలితం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. 2018లో అమెరికా రక్షణ శాఖకు కృత్రిమ మేధను అందించే ‘ప్రాజెక్ట్ మేవెన్’ను వ్యతిరేకిస్తూ వేలాది గూగుల్ ఉద్యోగులు సంతకాలు చేశారు. కంపెనీ ఆ ఒప్పందాన్ని పొడిగించలేదు. దళిత ఇంజనీరు ఒంటరిగా ఫిర్యాదు చేస్తే అది అతని ‘వ్యక్తిగత సమస్య’గా మిగులుతుంది. అందుకే ఈ భారం ముందుగా మోయవలసింది, మాట్లాడినా పెద్దగా నష్టపోని అగ్రవర్ణ సహోద్యోగులే.

చేయగలిగిన పనులు కొన్ని మన కళ్ల ముందే ఉన్నాయి. లైంగిక వేధింపుల నివారణకు 2013 చట్టం ప్రకారం పది మంది ఉన్న సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. కుల వివక్ష ఫిర్యాదులకు ప్రైవేటు సంస్థల్లో అటువంటి వేదిక లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దూషణను, దాడిని పట్టుకోగలదు కానీ, సాకు చెప్పి తగ్గించిన రేటింగును పట్టుకోవడం దాని వల్ల కాదు. కులాన్ని పేరుపెట్టి నిషేధించే ప్రవర్తనా నియమావళి, విచారణ కమిటీ ప్రతి సంస్థలోనూ రావాలి. 2006లో ప్రైవేటు రంగ రిజర్వేషన్ల చర్చ వచ్చినప్పుడు పరిశ్రమ సంఘాలు స్వచ్ఛంద నియమావళితో సరిపెట్టాయి. ఆ స్వచ్ఛందం ఎంతమందిని లోపలికి తెచ్చిందో లెక్క చెప్పమని అడగవలసిన సమయమిది. రాష్ట్రమంతటా ఇంటింటికీ తిరిగి కులాల వివరాలు సేకరించిన తెలంగాణలో, ప్రభుత్వ భూములూ రాయితీలూ పొందిన కంపెనీలు తమ ఉద్యోగుల సామాజిక వివరాలను, సిఫారసు నియామకాల వాటాను ఏటా ప్రకటించలేవా?

సంక్షేమ పథకాల్లో వాడే ప్రతి అల్గారిథంకూ సామాజిక తనిఖీ జరగాలి. ఉపాధి హామీ పనుల లెక్కలను గ్రామసభలో చదివి వినిపించే పద్ధతిని దేశానికి చూపించిన ఘనత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. మస్టర్ రోల్‌ను చదవగలిగిన గ్రామసభ, తన ఊళ్లో ఎవరి కార్డు ఏ కారణంతో పోయిందో ఎందుకు వినకూడదు? యంత్రం అనర్హుడని చెప్పినవారి ఇంటికి మనిషి వెళ్లి చూసేదాకా ఎవరి బియ్యమూ ఆగకూడదన్న షరతు ప్రతి ఒప్పందంలోనూ ఉండాలి. అటువంటి షరతు లేని పనిని ప్రశ్నించిన ఇంజనీరుకు రక్షణ ఉండాలి.

ఇక విద్యాలయాల బాధ్యత. హైదరాబాద్ జేఎన్‌టీయూ 2015లో ఇంజనీరింగ్ విద్యార్థులకు జెండర్ సమానత్వంపై తెలుగు, ఇంగ్లీషు భాషల్లో పాఠ్యపుస్తకం తెచ్చింది. ఇంజనీర్లకు ఇవన్నీ ఎందుకు అన్నవారు అప్పుడూ ఉండే ఉంటారు. కులంపై అటువంటి పాఠం తయారుచేయగల అధ్యాపకులు, పరిశోధకులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వృత్తి నీతిని మార్కులు లేని, ఎవరూ వినని గంటగా మిగల్చకుండా, సమగ్ర వేదికను, మ్యాన్‌హోల్ రోబోను పక్కపక్కన పెట్టి చర్చించే పాఠంగా మార్చడం మా చేతిలో ఉన్న పని.

రాజ్యాంగ నైతికత దానంతట అది పుట్టేది కాదని, సాధన చేసి అలవరచుకోవలసిందని అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. వృత్తి నైతికత సంగతీ అంతే. తన తెరమీద కనిపించే ఒక్కొక్క వరుస వెనుక ఒక్కొక్క ఇల్లు ఉందని, ఆ ఇల్లు ఊళ్లో ఏ వైపున ఉందో తనకు తెలియకపోయినా అన్యాయం దాన్నే వెతుక్కుంటూ వెళుతుందని గుర్తుంచుకున్న నాడే సాఫ్ట్‌వేర్ పని ఒక ఉద్యోగం స్థాయి దాటి వృత్తి అనిపించుకుంటుంది.